మూడో బావి

మొదటి బావికి మంట వచ్చింది.
రెండోదానికీ వచ్చింది, కాస్త బద్ధకంగా.
మూడోదాన్ని అంచు వెతకడానికి తవ్వుతున్నాం,
గురారా ఇసుకల్లో,
తిన్‌ఘరాస్ ఊరికి నాలుగు కిలోమీటర్ల ఎడంలో.

గ్యాస్ దొరికిందని చెప్పడం తేలిక.
ఎక్కడిదాకా ఉందో చెప్పమంటేనే
నోట్లో ఇసుక పడుతుంది.

నా పని రాతిపొడి చూడటం.
మూడు వేల మీటర్ల అడుగున నలిగిన రాయి
బురదతోపాటు పైకొచ్చేసరికి గంటన్నర.
కాబట్టి నేను చూసేది ఎప్పుడూ
గంటన్నర కిందటి లోతు.
జల్లెడలో కడిగి, భూతద్దం కింద పరిచి,
ఒక్కోసారి నాలికకు రాసుకుని
పుస్తకంలో ఎక్కిస్తాను:
బూడిదరంగు, సన్నరేణువు, గట్టి, వాసన లేదు.
డ్రిల్లర్ బెల్ఖీర్‌కి అదో వేళాకోళం.
"ఏం తావూస్, కూరలో ఉప్పు చూస్తున్నావా?"

మేం రాకముందు, సర్వే లారీలు
నేలను గుద్దుకుంటూ వచ్చిన ఏడాది
ఊరివాళ్ళు అడ్డంగా కూర్చున్నారట.
కింద వాళ్ళ ఫొగ్గారా ఉంది:
తాతల తాతలు మోకాళ్ళమీద తొలిచిన నీటి సొరంగం,
పైన చీమలపుట్టల్లా వరసగా గాలిబావులు,
చివర ఖర్జూరాల మడుల్లోకి ఒక పిల్లకాలవ.
లారీలు వంగి, చుట్టూ తిరిగి పోయాయి.
అందుకే మా పటంలో అక్కడ తెల్లటి సందు,
ఊడిన పన్నులా.
దాని కింద ఏముందో
నాకూ తెలీదు, అల్జీర్స్ అద్దాల గదికీ తెలీదు.

పరీక్ష రాత్రి
మూడో బావి నలభై నిమిషాలు మండింది.
దిబ్బలన్నీ రాగిరంగు తిరిగాయి.
తిన్‌ఘరాస్ కోళ్ళు రెండింటికే కూశాయి;
తెల్లారిందనుకుని ఒక ముసలమ్మ
నమాజుకి కాళ్ళూ చేతులూ కడిగేసుకుందట.
తర్వాత మంట దగ్గింది.
తర్వాత నీళ్ళు.
చుక్క నాలిక మీద వేసుకున్నాను. సముద్రం నయం.
బెల్ఖీర్ నవ్వలేదు.

కోళ్ళ సంగతికి క్షమాపణ చెబుదామని ఊళ్ళోకి వెళ్తే
కాలవ గట్టున బా బూజెమా నీళ్ళు కొలుస్తున్నాడు.
ఇద్దరు అన్నదమ్ములు, తండ్రి వాటా తగువు.
కాలవకు అడ్డంగా రాగి పలక పెట్టి,
కన్నాలకు కూరిన మట్టిని ఒక్కొక్కటే తీస్తూ
వెనకాల నీళ్ళు పెరక్కుండా, తరక్కుండా
నిలబడేదాకా ఆగి
అప్పుడు లెక్కపెట్టాడు.
ఆ ఆగడం నాకు తెలుసు.
మేమూ బావి దగ్గర అలాగే ఆగుతాం, గడియారం చూస్తూ.

"మీ మంట ఎంతుందమ్మా?" అన్నాడు.
తక్కువంటే ఇంత,
ఎక్కువంటే దానికి అయిదింతలు, అన్నాను.
మట్టిముద్ద వేళ్ళమధ్య తిప్పుతూ
"ఆ లెక్కన నేను వాటా చెబితే
వీళ్ళు నన్ను ఈ కాలవలోనే ముంచుతారు" అన్నాడు.
ఆ కాలవలో చీలమండ మునగదు.
"కింద ఎంతుందో నేను కొలవను.
వచ్చింది కొలుస్తా.
రానిదాని గురించి మా నాన్న కూడా మాట్లాడేవాడు కాదు."

పలక ఎండలో ఆరబెట్టినప్పుడు చూశాను.
తడిమట్టి తీసిన కన్నాలు తొమ్మిది.
మిగతావాటిలో మట్టి రాయైపోయింది,
ఎన్నేళ్ళుగా ఎవరూ తెరవలేదో.
నేను లెక్కపెడుతుంటే
ఆయన పలకను తిప్పేశాడు.

నివేదిక రాస్తుంటే ఫోన్ వచ్చింది:
ఆ తెల్ల సందును అటూ ఇటూ చూసి నింపెయ్, బాగుండదు.
అటు గ్యాస్. ఇటు ఉప్పునీళ్ళు.
దేంతో నింపను?
వదిలేశాను. తెలీదు అని ఒక్క మాట రాసి
కింద సంతకం పెట్టాను.

మూడో బావిని సిమెంటుతో మూసేశాం,
ఇనుప కడ్డీ మీద పేరు, తేదీ.
బా బూజెమా గాడిదమీద వచ్చి చూసి వెళ్ళాడు.
మట్టితో మూయాల్సింది, అన్నాడు,
మళ్ళీ అవసరమైతే గోటితో తీసుకోవచ్చు.

రాళ్ళ సంచులు లారీ ఎక్కాయి.
చివరి సంచి మీద లోతు రాయలేదని
సగం దారిలో గుర్తొచ్చింది.